బేసి సంఖ్యల పాపం

బావమరిదికి దీవెనలు.

ప్రార్థన హాల్లో పాటల నంబర్లు చూపే యంత్రం నీకు తెలుసు. నా ప్రసంగ బల్ల కింద నలభై ఏళ్ల నాటి మైక్రోప్రాసెసర్ బోర్డు, మీ అక్క చేతి దగ్గర మీటలు, గోడ మీద ఎర్ర అంకెలు. మూడు వారాలుగా నేనొకటి చెబితే గోడ ఇంకోటి చూపుతోంది. కలప వ్యాపారి అంత్యక్రియల్లో నలభై అయిదు చెప్పాను, ఓదార్పు పాట. గోడ మీద నలభై నాలుగు పడింది. అది కోతల సంబరం పాట. జనం చప్పట్లు కొట్టి మరీ పాడారు.

మీట నొక్కేది మీ అక్క గనుక, చెయ్యొకచోట మనసొకచోట ఉంటే ఏమవుతుందో వేదిక మీంచే చెప్పాను. పేరెత్తలేదు, వేలు మాత్రం చూపించాను. ఆమె పెట్టె సర్దుకుని మీ ఇంటికొచ్చేసింది. నువ్వు కరెంటు పని తెలిసినవాడివి. బోర్డు నిర్దోషి అని రెండు ముక్కలు రాసి పంపు. సంఘం ముందు చదువుతాను. ఆమె తప్పు ఒప్పుకుని తిరిగొస్తుంది.

సత్యమే పలికే
మీ బావ

తా.క. ఆ బోర్డు లోగడ రెండుసార్లు మూగబోయింది. రెండుసార్లూ నా ప్రార్థనతో మర్నాటికల్లా లేచింది. దాని నడవడి మీద నాకు అనుమానం లేదు.

* * *

బావగారికి నమస్కారాలు.

చూడకుండా సాక్ష్యం చెప్పలేను. ఏది నొక్కితే ఏది పడుతోందో మీరే నొక్కి రాసి పంపండి. అందాకా ఏ చిప్పునూ పీకకండి, ముఖ్యంగా మధ్యలో ఉన్న పెద్దదాన్ని.

ఇట్లు
మీ బావమరిది

తా.క. అక్క కులాసా. మీ గురించి అడగలేదు.

* * *

బావమరిదికి,

నీ ఉత్తరం అందేసరికే పెద్ద చిప్పును పీకేశాను. తలలో పాపముంటే వేళ్లను తిట్టి లాభమేమిటి? గోడ చీకటైంది. ప్రార్థించి, మళ్లీ దాని గుంటలో కూర్చోబెడితే వెలిగింది. స్వయంగా నొక్కాను. పదిహేడుకు పదహారు, ఇరవై మూడుకు ఇరవై రెండు. ఎనిమిదికి మాత్రం ఎనిమిదే, ఇరవైకి ఇరవయ్యే. బేసి సంఖ్యలకే ఈ పాడుబుద్ధి. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. ఇది పదకొండేళ్లు మీ అక్క పక్కనుంది. మొండితనం అబ్బింది.

మందలింపు మానని
మీ బావ

తా.క. ఉప్పు ఎక్కడుంటుందో కనుక్కో.

* * *

బావగారికి నమస్కారాలు.

సావాసం సంగతి అక్కకు చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది.

తప్పు తలది కాదు. ఒకట్ల స్థానంలోని అంకెకు చిప్పు నుంచి నాలుగు రాగి గీతలు వెళ్తాయి. అవి ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి మోసుకెళ్తాయి, వాటి కూడికే ఆ అంకె. "ఒకటి"ని మోసే గీత, పక్కనే కరెంటు వెనక్కి పోయే గ్రౌండు గీతకు తగిలితే ఆ ఒకటి మాయమై బేసి కాస్తా సరి అవుతుంది. కరెంటు తీసేసి, గీతలు కలిసినచోట కూత పెట్టే మీటరు తెచ్చి, దాని ఒక కొన గ్రౌండు మీద, రెండోది వరసగా నాలుగు గీతల మీద పెట్టండి. ఏది కూస్తే దాని వెంట భూతద్దంతో అంగుళం అంగుళం వెళ్లండి. కంటికి కనబడినదాన్నే నిందించండి.

ఇట్లు
మీ బావమరిది

తా.క. ఉప్పు, "ఉప్పు" అని రాసిన డబ్బాలో ఉందట.

* * *

ప్రియమైన బావమరిదికి,

మూడు గీతలు మౌనంగా ఉన్నాయి. నాలుగోది కూసింది. దాని వెంట పోతే చిప్పు కాళ్ల పక్కన, రెండు గీతలకూ అడ్డంగా ఒక గుండుసూది పడుకుని ఉంది.

నా గ్రంథంలో పేజీలకు గుర్తుగా గుచ్చేవి అలాంటివే. నేను బల్ల గుద్దినప్పుడల్లా ఒకటీ అరా రాలతాయని తెలుసు. బల్లకున్న పగుల్లోంచి ఎక్కడికి పోతాయో ఏనాడూ వంగి చూడలేదు. పేజీలు తిరగేశాను. దండన పేజీల్లో ఒక్క సూదీ కదల్లేదు. ఇతరులకు తీర్పు తీర్చవద్దన్న చోట మాత్రం రెండు బెజ్జాలే మిగిలాయి.

ఈ వారం వేదికెక్కి సూది చూపించి, "వేలు చూపించినవాడిదే తప్పు" అన్నాను. ఆమె ఖాళీ కుర్చీ చూశాక అక్కడితో ఆపి, వెళ్లి మీటల ముందు కూర్చున్నాను. నా జన్మలో అంత చిన్న ప్రసంగం చేయలేదు. బాగుందన్నారు.

మీ అక్కను రమ్మను. లేదా నన్ను రమ్మను.

తల వంచిన
మీ బావ

తా.క. ఈ వారం ప్రార్థనలో మీటలు నేనే నొక్కాను. నలభై అయిదు చెప్పి యాభై నాలుగు నొక్కాను. బోర్డు బాగానే ఉంది.

* * *

బావగారికి నమస్కారాలు.

అక్క గురువారం బస్సుకు వస్తోంది. పేజీల గుర్తుకు రిబ్బన్లు తెస్తోంది. సూదులన్నీ తీసేయమంది.

నేను బాగుచేసేది ఫ్యాన్లు. మైక్రోప్రాసెసర్ మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆ సలహాలన్నీ అక్క చెబితే నేను రాసినవి. నువ్వే చెప్పొచ్చుగా అంటే, "నేను చెబితే నమ్మరు, మీటరు చెబితే నమ్ముతారు" అంది.

ఇట్లు
రాయసగాడు

తా.క. లోగడ బోర్డు రెండుసార్లు మూగబోయినప్పుడు టంకం పెట్టింది కూడా తనే. మీ ప్రార్థనా పనిచేసే ఉంటుందిలెమ్మంది.