ఆరు దెబ్బల జల్లెడ

సుబమె, షోవా 43 (1968), జనవరి 12

మసుయా రామెన్ దుకాణం యజమాని, మహారాజశ్రీ తదొకొరో కెన్‌కిచి గారికి,

చెంచాల కార్ఖానా ఇగరాషి తోమెజో నమస్కరించి రాయునది. మంచు బాగా పడుతోంది. మీరు కులాసా అని తలుస్తాను. కాకపోయినా నాకు అభ్యంతరం లేదు.

మూడేళ్ళ క్రితం చదరంగం బల్ల దగ్గర పోట్లాడుకుని మనం ఒట్టు పెట్టుకున్నాం, ముందు ఎవడు నోరు విప్పితే వేసిన ఎత్తు వెనక్కి తీసుకున్న దొంగ వాడేనని. కాబట్టి నోటితో చెప్పను. మీ ఆవిడ సదాయె గారు రోజూ మధ్యాహ్నం నా గిన్నె తెచ్చి సాయంత్రం ఖాళీది పట్టుకెళ్తారు కదా, దాని కింద ఈ ఉత్తరం పెడుతున్నాను.

ఈ వారం నుంచి నా రామెన్ నూడుల్స్ మీద పంది వెన్నుకొవ్వు లేదు. ఇవాళ లెక్కపెట్టాను, ఏడు పలుకులు! కొవ్వు మూతలా కప్పబట్టే కదా, మీ వీధి నుంచి మంచులో మా ఇంటికి వచ్చినా సూప్ పొగలు కక్కేది? ఇప్పుడు చల్లగా చచ్చి ఊరుకుంటోంది. నేను చేసిచ్చిన జల్లెడను గోడకు అలంకారంగా తగిలించుకున్నారా?

ఇట్లు,
ఇగరాషి తోమెజో

తా.క.: ఉల్లిపాయ ముక్కలు బాగున్నాయి. పొగడ్త అనుకోకండి. ఉల్లిపాయను పాడుచెయ్యడం మీకు కూడా చేతకాలేదు, అంతే.

జనవరి 13

మహారాజశ్రీ ఇగరాషి తోమెజో గారికి,

ఇక్కడ నేను క్షేమం. అక్కడి సంగతి మీరు రాయకపోయినా ఫర్వాలేదు.

ఉడికిన పంది కొవ్వును జల్లెడలో వేసి, గిన్నె మీద పట్టి, గిన్నె అంచుకు ఆరు దెబ్బలు తడతాను. ముప్పై ఏళ్ళుగా ఆరే. మీ మాట విని ఇవాళ తొమ్మిది తట్టాను. కాబట్టి లోపం నా చేతిలో లేదు, మీ జల్లెడలో ఉంది. కన్నాలు మూసుకుపోయి ఉంటాయి, చేసినవారి బుర్రలాగే.

ఇట్లు,
తదొకొరో కెన్‌కిచి

తా.క.: "ఏమిటండీ ఆ గిన్నెను అన్నిసార్లు కొడుతున్నారు, అదేం పాపం చేసింది?" అని సదాయె అడిగింది. అది మీ గిన్నె అని చెప్పాను. "అయితే కొట్టండి" అంది.

జనవరి 16

తదొకొరో కెన్‌కిచి గారికి,

నిన్నటి మంచుకు మా పెరటి తలుపు సగం కూరుకుపోయింది. మీ తలుపు పూర్తిగా కూరుకుపోవాలని కోరుకుంటున్నాను.

తొమ్మిది దెబ్బలట! ఇవాళ మూడే పలుకులు. సూప్ ఎంత తేటగా ఉందంటే అందులో నా మొహం కనిపించింది. అరవై రెండేళ్ళ ఆ మొహం భోజనం వేళ చూడదగ్గది కాదు. మా ఆవిడ ఫుమి గిన్నె నా ముందు పెట్టి తల పక్కకు తిప్పుకుంది. పాపం, మీ మీద జాలిపడి ఉంటుంది.

ఆదివారమంతా కూర్చుని పెద్ద కన్నాల జల్లెడ ఒకటి చేశాను. పంపుతున్నాను. దీన్లోంచి పంది కాలే దూరుతుంది. ఇకనైనా సాకులు మానండి.

ఇట్లు,
తోమెజో

తా.క.: పాత జల్లెడ తిప్పి పంపండి. అది నా చేతి పని. అవమానం పడుతూ మీ ఇంట్లో ఉండక్కర్లేదు.

జనవరి 20

తోమెజో గారికి,

కొత్త జల్లెడతో ఇరవై దెబ్బలు తట్టాను. కొట్లో బడిపంతులుగారికి కూడా అలాగే వేస్తే, ఆయన నూడుల్స్ కోసం చాలాసేపు వెతుక్కున్నారు. అయినా మీ నుంచి "ఈ రోజు ఒకటి" అని చీటీ వచ్చింది. ఇక నాకు ధైర్యం లేదు.

రామెన్ బాగుందనే ఊళ్ళో అందరూ అంటారు. వాళ్ళు మర్యాదస్థులు. మర్యాద లేనివారు మీరొక్కరే, అందుకే మీ మాటే నమ్ముతాను.

ఇంకో సంగతి. ఈ మధ్య సదాయె రాత్రిపూట ముల్లంగి ఉడికించి పెడుతోంది. ఏం రుచి! వేడివేడిగా, కమ్మగా, నాలుక మీద జారిపోతుంది. పందీ, ఎండుచేపలూ, సోయా సాసూ పెట్టుకుని ముప్పై ఏళ్ళుగా నేను చెయ్యలేనిది ఆవిడ ఒక్క ముల్లంగితో చేసేసింది. ముల్లంగి చేతిలో ఓడిపోయినవాడు కొట్టు నడపకూడదు. ఈ నెలాఖరుకు మూసేస్తున్నాను.

కెన్‌కిచి

తా.క.: పాత జల్లెడ ఇవ్వను. ఏదో ఒకటి ఉంచుకోనివ్వండి.

జనవరి 22

కెన్‌కిచీ,

కొట్టు మూయొద్దు!

నీ ఉత్తరం చదివి రాత్రంతా నిద్రపోలేదు. నీకు చెప్పమని సదాయె గారిని బతిమాలుకుందామని ఇవాళ పెరటి వైపు కాపుకాశాను. అక్కడ ఏం చూశానో తెలుసా? నా గిన్నె అంచుదాకా మంచులో కూరుకుని ఉంది. పక్కన మీ ఆవిడా మా ఆవిడా గొంతుక్కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. కాసేపటికి కొవ్వు తెల్లగా అట్ట కట్టింది. ఫుమి దాన్ని చాప్‌స్టిక్‌తో ఎత్తి మీ ఆవిడ డబ్బాలో వేసింది. కొవ్వూ పోయె, వేడీ పోయె!

"ఏమిటే ఇది?" అని అరిచాను. "డాక్టరు మీకు కొవ్వు వద్దన్నాడు. నేను చెప్తే వింటారా? 'నా నాడి చూసి డాక్టరు మెచ్చుకున్నాడు' అని ఇంటికొచ్చి కోతలు కోసిందెవరు?" అంది. కోసింది నేనే.

నీ చెయ్యి నిక్షేపంలా ఉంది. నా నోరే పాడు నోరు. అనవసరంగా నిన్ను ఆడిపోసుకున్నాను.

తోమెజో

తా.క.: ఆ డబ్బాలో కొవ్వు ఏమవుతోందో అడగలేదు. పారేస్తే మాత్రం నా గుండె ఆగిపోతుంది.

జనవరి 23

ఒరేయ్ తోమెజో,

పారెయ్యలేదురా. ముల్లంగిలో వేస్తోంది.

సదాయెను నిలదీస్తే నవ్వుతూ కుండ మూత తీసింది. ఇన్నాళ్ళూ నేను లొట్టలేసింది నా కొవ్వుకే! నా చేతి వంటకు నేనే ఓడిపోయి, కొట్టు మూసేస్తానని ఊరంతా టముకు వేసుకున్నాను. బడిపంతులుగారైతే వీడ్కోలు కానుకగా నాకు దుప్పటి కూడా కొన్నారు. దుప్పటి తీసుకుంటాను, కొట్టు మూయను.

రేపటి నుంచి నీ గిన్నెకు ఒక్కటే దెబ్బ. ఫుమి ఒప్పుకుంది. అయితే గిన్నె మంచులోకి వెళ్ళదు. వేడిగా తాగి, ఆ ఒక్క దెబ్బ ఎలా ఉందో రోజూ రాయి. తిట్టు, ఫర్వాలేదు. నువ్వు తిట్టకపోతే నాకు ఉప్పెంత పడిందో తెలియదు.

కెన్‌కిచి

తా.క.: ఈ పూట నీ గిన్నె సదాయె తేలేదు, నేనే మోసుకొచ్చాను. నువ్వు ఇది చదువుతున్నంతసేపూ మీ గుమ్మంలో మంచులో నిలబడి ఉంటాను. ఎలాగూ ముల్లంగి చేతిలో ఓడినవాణ్ణి. తల పైకెత్తు, ముందు నేనే మాట్లాడతాను.

ఆ ఎత్తు వెనక్కి తీసుకుంది నేనేరా.