క్రిస్మస్ దాకా అరవను

అక్టోబర్ 6, సోమవారం

ఇవాళ్టి నుంచి అరవను. ప్రాక్టీసులో అరవను, మ్యాచ్‌లో అరవను, బస్సులో అసలే అరవను.

కారణం జోసీ, మా ఐస్ హాకీ జట్టులో నెట్ కాసే గోలీ. రెండో ఏడు చదువుతోంది. శుక్రవారం నా గది గుమ్మంలో నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పేసింది. "కోచ్, క్రిస్మస్ దాకా చూస్తాను. మీ అరుపులు నిరుటిలాగే ఉంటే ప్యాడ్లూ మాస్కూ అప్పగించేసి మా ఊరెళ్ళిపోతాను. నిద్రలో కూడా మీ గొంతే వినపడుతోంది."

ఇంకో గోలీకి మోకాలి ఆపరేషన్ అయింది. ఈ సీజనుకి ఆమె లేనట్టే. జోసీ కూడా వెళ్ళిపోతే మా యూనివర్సిటీ అమ్మాయిల జట్టు నెట్ ముందు కుర్చీ వేసుకుని ఆడాలి.

నేను చదివింది తత్వశాస్త్రం. గొంతు మాత్రం మా నాన్నది. ఆయన మా కెనడా రాష్ట్రం సస్కచెవాన్‌లో సగం సంతలకి పశువుల వేలంపాట పాడినవాడు, మైకు లేకుండా. ఈ పిల్లలు ఆవులు కారని నలభై ఆరేళ్ళకి తెలిసింది. ఇప్పటికైనా తెలిసింది కదా!

తేలికే. నోరు మూసుకోవడానికి శిక్షణ ఎందుకు?

అక్టోబర్ 7, మంగళవారం

అద్భుతం! ప్రాక్టీసంతా మెత్తగా మాట్లాడాను. ఎవరికీ వినపడలేదు.

"టానిస్ తల్లీ, ఆ పాసు ఇంకాస్త ముందే ఇస్తే బాగుండేదేమో," అన్నాను. టానిస్ మా కెప్టెన్. మంచు మీద జారుకుంటూ దగ్గరికొచ్చి, నా మొహంలోకి చూసి, "కోచ్, ఒంట్లో బాగుందా? ఎవరికైనా ఫోన్ చెయ్యనా?" అంది.

నా పక్కనే నిలబడే అసిస్టెంట్ కోచ్ గ్వెన్ సాయంత్రం చెప్పింది, "అరవకపోతే సరే డార్లీన్, ఆ నవ్వు కూడా ఆపు. పిల్లలు జడుసుకుంటున్నారు."

అక్టోబర్ 17, శుక్రవారం

మొదటి మ్యాచ్. గెలిచాం! అరవలేదు!

ఉపాయం: నోట్లో చూయింగ్ గమ్ ఉండ, పక్కన గ్వెన్. నాకు కోపమొస్తే గ్వెన్ చెవిలో చెప్తాను, ఆమె పిల్లలకి చేరవేస్తుంది. గ్వెన్‌ది మెన్నొనైట్ కుటుంబం, గొంతు పెంచని శాంతివాద క్రైస్తవులు. ఇల్లు అంటుకున్నా ఒకే స్థాయిలో చెప్పగలదు.

"అమ్మాయిలూ, కోచ్ ఏమంటోందంటే, అవి బుర్రలా, గుమ్మడికాయలా అని అడుగుతోంది."

"ఏం చెప్పమంటారు?" అంది టానిస్.

"గుమ్మడికాయలనే చెప్పు. తొందరగా తేలిపోతుంది," అంది గ్వెన్.

బెంచీ మీద అందరూ నవ్వారు. దూరంగా నెట్ దగ్గర జోసీకి వినపడలేదనుకుంటాను. వినపడకపోవడమే కదా కావలసింది.

అక్టోబర్ 25, శనివారం

ఓడాం. తప్పు నాది కాదు. నాదే అనుకోండి, కానీ పూర్తిగా నాది కాదు.

మా ఆట ఆగదు. ఆట నడుస్తుండగానే నిమిషానికోసారి అయిదుగురు బెంచీ మీదికి రావాలి, అయిదుగురు గోడ దూకి లోపలికి పోవాలి. ఎవరు దూకాలో కోచ్ అరిచి చెప్పాలి. ఇన్నేళ్ళుగా నేను అరిచినవాటిలో అదొక్కటే సరైన అరుపని ఇవాళ తెలిసింది. అరవకూడదు కనక రెండు వేళ్ళు చూపించాను, రెండో బృందం దూకమని. రెండో బృందం దూకింది. అది గెలుపు గుర్తనుకుని మురిసిపోయిన మూడో బృందం కూడా దూకింది.

మంచు మీద మావాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడానికి రిఫరీకి కాసేపు పట్టింది. ఆయన నవ్వు ఆపుకోవడం కూడా చూశాను. శిక్షగా రెండు నిమిషాలు ఒకమ్మాయి తక్కువతో ఆట, ఆ శిక్షలోనే గోలు, ఆ గోలుతోనే ఓటమి.

జోసీ బస్సెక్కుతూ నా వైపు చూసింది. అరవనందుకు మెచ్చుకోలా, ఓడించినందుకు జాలా, తెలియలేదు.

నవంబర్ 7, శుక్రవారం

తీర్మానానికి చిన్న సవరణలు:

రిఫరీ మీద అరిస్తే లెక్కలోకి రాదు. ఆయన నా విద్యార్థి కాదు.

కారులో అద్దాలు ఎత్తి ఉంటే రాదు.

ఇంట్లో రాదు.

చివరి దానికి వెస్ ఒప్పుకోలేదు. వెస్ నా మొగుడు. గోధుమ చేలు మంచు కింద పడుకున్నాయి కనక చలికాలమంతా మంచు మీద రాళ్ళు జార్చే కర్లింగ్ ఆడుతుంటాడు. "నెల రోజులుగా కుక్క మంచం కింది నుంచి రావట్లేదు," అన్నాడు.

"మీ ఆటలో రాయి వదిలాక మీరంతా గొంతు చించుకోరా?"

"మేం రాయి మీద అరుస్తాం డార్లీన్. రాయి ఏడవదు."

నవంబర్ 21, శుక్రవారం

అరవలేదు. నీళ్ళ సీసా విసిరాను. తీర్మానంలో సీసాల ప్రస్తావన లేదు.

అది గ్వెన్ భుజానికి తగిలింది. "కోచ్ ఏమంటోందంటే," అని గ్వెన్ పిల్లలవైపు తిరిగి, "ఆమెకి దాహం వెయ్యట్లేదట," అంది.

నవంబర్ 29, శనివారం

అయిపోయింది. రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తాను.

సొంత రింకు, అంటే మా మంచు మైదానం. పక్క రాష్ట్రం ఆల్బర్టా నుంచి వచ్చిన జట్టు. మూడు పీరియడ్లలో రెండు ముగిసేసరికి మాకు రెండు గోల్సు, వాళ్ళకి సున్నా. జోసీ గోడలా నిలబడింది. విరామంలో నా కడుపులోంచి మంచితనం పొంగుకొచ్చింది. డ్రెస్సింగ్ రూములో ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఈ రెండు నెలల్లో సాధన చేసిన మెత్తటి గొంతుతో అన్నాను, "ఎంత చక్కగా ఆడుతున్నావమ్మా జోసీ! ఇంతవరకూ ఒక్కటంటే ఒక్క గోలు పడనివ్వలేదు!"

స్టిక్కులకి టేపు చుట్టుకుంటున్న చేతులన్నీ ఆగిపోయాయి.

అయిదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. గోలీ సున్నా మీద ఉన్నప్పుడు ఆ మాట ఆట ముగిసేదాకా ఎవరూ ఎత్తరు. ఆమె పక్కన కూర్చోరు కూడా. అంతకంటే పెద్ద దిష్టి మాకు లేదు. నడక వచ్చిన దగ్గర్నుంచీ రింకుల్లో పెరిగినదాన్ని, నేనే అనేశాను! దిష్టి పోవాలని టానిస్ చెక్క బెంచీ మీద వేళ్ళతో టకటకా కొట్టింది. గ్వెన్ కళ్ళు మూసుకుంది. జోసీ మాస్కు దించుకుంది.

మూడో పీరియడ్ మొదలవగానే ఒక గోలు. కాసేపటికి ఇంకొకటి. రెండు రెండు.

తరువాత పక్, ఆ నల్ల బిళ్ల, మా నెట్ వెనక్కి పోయింది. జోసీ కుడివైపు చూస్తోంది. అవతలి జట్టమ్మాయి ఒకతె ఎడమవైపు నుంచి నక్కి వస్తోంది.

"జోసీ! నీ ఎడమ!"

రింకు కప్పు రేకులు మోగాయి. మా నాన్న విని ఉంటే గర్వపడేవాడు. జోసీ ఎడమ కాలు చాచింది. పక్ ప్యాడ్‌కి తగిలి ఆగింది.

అక్కడితో ఊరుకుంటే మనిషినయ్యేదాన్ని. ఏడు వారాల సరుకు లోపల ఉంది, తలుపు తెరుచుకుంది. టానిస్ మీద అరిచాను. డిఫెన్సు పిల్లల మీద అరిచాను. ఏ తప్పూ చెయ్యని ఒకమ్మాయి మీద, ముందు జాగ్రత్తగా అరిచాను. చివరికి రిఫరీ కంటిచూపు గురించీ, ఆయన్ని కన్నవాళ్ళ గురించీ చెప్పాను. ఆయన తలుపు చూపించాడు. నన్ను గెంటడమే కాక జట్టుకి రెండు నిమిషాల శిక్ష.

రింకు వెనక నడవాలో, గీకి పారబోసిన మంచు గుట్ట పక్కన నిలబడ్డాను. గోడ అవతల ఆట. ఏమీ కనపడదు. స్కేట్లు మంచుని కోస్తున్న చప్పుడు, జనం, వాటి మీద ఒక గొంతు.

"అవి బుర్రలా, గుమ్మడికాయలా? నెట్ ముందు నుంచి జరగండే!"

నా మాటలు. నా వరస. నేను నోరు తెరవలేదు. జోసీ.

నాకు కలిగింది సంతోషమో భయమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

హారన్ మోగాక వెస్ కాఫీ పట్టుకుని వచ్చాడు. "మూడు రెండు. మనమే. టానిస్ కొట్టింది."

"జోసీ అరవడం విన్నావా?"

"అది జోసీయా! నువ్వు ఇంకా లోపలే ఉన్నావనుకున్నాం."

డిసెంబర్ 1, సోమవారం

జోసీ వచ్చింది. ఈసారి కూర్చుంది.

"మాట తప్పాను," అన్నాను. "ప్యాడ్లు అప్పగించడానికి వచ్చావా?"

"'నీ ఎడమ' అన్నారు చూడండి, అలాంటివి ఎన్నయినా అరవండి కోచ్. అది నాకు కనపడనిది. మిగతావన్నీ మాకు కనపడుతూనే ఉంటాయి. పక్ పోయిందని పోగొట్టుకున్నదానికి తెలీదా? అన్నీ ఒకే గొంతుతో అరిస్తే ఏది వినాలో ఎలా తెలుస్తుంది?"

ఇంత చిన్న సంగతి. నేను తత్వశాస్త్రం చదివాను.

"మరి గుమ్మడికాయలు?"

చెవుల దాకా ఎర్రబడింది. "అది నోట్లోంచి వచ్చేశాక ఏడుపొచ్చింది కోచ్. ఇక్కడి నుంచి పోతే మీ గొంతు వదిలిపోతుందనుకున్నాను. అది నాతోనే వస్తుంది కదా. మరి పోవడమెందుకు?"

"నా గొంతు మా నాన్నది," అన్నాను. వేలంపాటల గురించి చెప్పాను. నవ్వింది.

"ఉంటాను కోచ్. ఒక్కటే షరతు. ఆట మధ్యలో నన్నెప్పుడూ పొగడకండి. దానికంటే తిట్టండి."

కొత్త తీర్మానం. రేపటి నుంచి ఇద్దరం అరవం. కనపడనిది చెప్పడానికి తప్ప నోరెత్తం. ముందు తప్పినవాళ్ళు జట్టంతటి చెమట జెర్సీలు ఉతకాలి. గ్వెన్ సాక్షి.

తేలికే.

డిసెంబర్ 2, మంగళవారం

ప్రాక్టీసు మొదలైన కాసేపటికే టానిస్ పక్ పోగొట్టుకుంది. "గుమ్మడికాయా!" అని కేక. నేను కాదు! జోసీ! నేను ఆనందం పట్టలేక, "తప్పావే, నువ్వే ముందు తప్పావే!" అని రేకులు అదిరేలా అరిచాను.

గ్వెన్ ఒకే స్థాయిలో తీర్పు చెప్పింది. ఇప్పుడు లాండ్రీ గదిలో యంత్రం ముందు ఇద్దరం కూర్చున్నాం. జోసీ సాక్సులు జతచేస్తూ, "రేపటి నుంచి కోచ్," అంటోంది.

రేపటి నుంచి.