బట్టలంగడి ఇంట్లో పేలిక

మంగళవారం, రాత్రి రెండు గంటలు.

ఆటిజం ఉన్న మా పాప వాళ్లమ్మ పాత నేతచీర ముక్కను చెంపకు ఆనించుకుంటేనే నిద్రపోతుంది. ఈ సంగతి కనుక్కోవడానికి మాకు ఏడాది పట్టింది. నేడు మా అక్కయ్య పులివెందుల నుంచి విచ్చేసి, ఇల్లంతా తనిఖీ చేసి, ఆ చీరలో మిగిలిన ఆఖరి ముక్కను చెత్తబండిలో వేశారు.

"ప్రొద్దుటూరులో బట్టలంగడి పెట్టుకోని బిడ్డకు పేలిక ఇస్తాండావేందిరా? చూసినోళ్లు నవ్వరా?" అని, మా అంగడి నుంచే కొత్త పట్టుముక్క తెప్పించి పాపకు బహూకరించారు.

పాప దాన్ని విసిరికొట్టింది. మూడు గంటలుగా తలను గోడకేసి కొట్టుకుంటోంది. మధ్యలో నా అరచేతిని అడ్డం పెట్టాను. ఇంటి పరువు సంపూర్ణంగా పరిరక్షింపబడినది. అక్కయ్య పక్కగదిలో గురక పెడుతున్నారు.

అంగడిలో ఇన్ని చీరలున్నాయి. పాతది ఒక్కటీ లేదు.