తెర తీశాక తెలిసింది

పారిస్, జూలై 9

క్లోతీ అక్కా, నేను కులాసా, దిగులు పడకు. నిన్న సంగీత కళాశాల పోటీలో పిల్లలు ఎప్పటిలాగే తెర వెనక పాడారు. ఒకమ్మాయి గొంతు వినగానే నా శిష్యురాలే అనుకుని, తోటి న్యాయనిర్ణేతలతో పోట్లాడి మరీ మొదటి బహుమతి ఇప్పించాను. తెర తీస్తే ఏముంది, నాతోపాటే పాఠాలు చెబుతూ, నాకు పోటీగా పాటలు కట్టే ఆ ఓదిలోన్ శిష్యురాలు!

“నా పిల్ల కోసం తెగ పోట్లాడావటగా! నీ చెవికి దణ్ణం పెట్టాలోయ్,” అంటూ అందరి ముందూ నన్ను కౌగిలించుకున్నాడు. ఒళ్లు మండిపోయింది.

అక్రోట్ల నూనె అయిపోయింది, ఒక సీసా పంపు. అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? బావగారిని అడిగానని చెప్పు. అమ్మ వంటింట్లో కూనిరాగం తీసేది ఇప్పటికీ నేను కట్టిన పాటేనా? ఓదిలోన్‌దైతే మాత్రం నాకు రాయకు.

నీ తమ్ముడు
ఉర్బాన్