ఊపిరి బిగబట్టండి

మార్చి 9, సోమవారం

పూజ్యురాలైన అక్కయ్యకు,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. నువ్వు నాతో మాట్లాడటం మానేశావు కాబట్టి నీ క్షేమం బావగారి నోట విన్నాను. మోకాలి నొప్పి తగ్గిందట, కోపం మాత్రం అలాగే ఉందట. ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు. ఉత్తరాన్ని కట్ చేయలేవు, మహా అయితే చింపుతావు. చింపేముందు ఒకసారి చదువుతావని నా ధైర్యం.

ఆస్పత్రిలో నా సెలవు ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఎక్స్‌రే గదిలో నా కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంచారు. ఫొటోగ్రఫీ మొదటి ఏడు పాసైతే రాజీనామా ఇస్తాను, తప్పితే మారుమాట్లాడకుండా ఆ కుర్చీలోకి వెళ్ళిపోతాను. నీకిచ్చిన మాట మీదే ఉన్నాను.

ఇక చదువు సంగతి. క్లాసులో అందరూ పిల్లలు. మొదటి రోజు నన్ను చూసి టీచరనుకుని లేచి నిలబడ్డారు. వస్తువులు, వీధులు, మెట్లు, వానలో గొడుగులు, ఇవన్నీ బాగానే తీశాను. వెలుతురు లెక్క ఈవిడకి తెలిసినట్టు మీకెవరికీ తెలియదని మాస్టారు పిల్లలతో అన్నారు కూడా. చిక్కంతా మనుషుల దగ్గర వచ్చింది. ఏడాది చివర ఒక మనిషి మొహం తీసి ఇవ్వాలి. అది కుదరకపోతే మిగతావెన్ని బాగున్నా తప్పినట్టే.

నేను తీసిన మొహాలన్నీ ఒకేలా వచ్చాయి. క్యాంటీన్ ఆవిడ, గేటు దగ్గర వాచ్‌మన్, పక్క బెంచీ అమ్మాయి, అందరూ భుజాలు పైకెత్తి, రొమ్ము విరిచి, కళ్ళు మిటకరించి ఉన్నారు. మాస్టారు వాటిని వరసగా గోడకు అంటించి, వీళ్ళందరినీ ఎవరు బెదిరించారమ్మా అని అడిగారు. నాకూ అంతుపట్టలేదు. పక్క బెంచీ అమ్మాయే అసలు విషయం బయటపెట్టింది. కెమెరా వెనక నిలబడగానే ఈ ఆంటీ గట్టిగా గాలి పీల్చండి, బిగబట్టండి, కదలకండి అంటుంది సార్, తీశాక ఇక వదలండి అంటుంది అని. క్లాసంతా పడీపడీ నవ్వింది. ఒట్టు అక్కా, అలా అంటున్నానని నాకే తెలియదు. ఇన్నేళ్ళు ఎక్స్‌రేలు తీసిన నోరు కదా, బటన్ మీద వేలు పడితే దానంతటదే వాగుతుంది. ఆ రోజు నుంచీ నా పేరు ఊపిరాంటీ.

నోరు కుట్టేసుకుని తీసి చూశాను. అప్పుడు నేనే ఊపిరి బిగబట్టేదాన్ని. నన్ను చూసి ఎదుటివాళ్ళూ బిగుసుకుపోయేవారు. కబుర్లు చెబుతూ తీయమన్నారు మాస్టారు. ఎక్స్‌రే గదిలో కబుర్లెక్కడివి? దగ్గు ఎప్పటినుంచి, మెడలో గొలుసు తీసేయండి, అంతకుమించి నాకు మాటలు రావు. ఒకరోజు బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. ఎముకలు చూసేదానికి మొహాలెందుకే అని నువ్వన్నదే నిజమేమో అనిపించింది.

నువ్వు కాలేజీకి వచ్చి నన్ను ఉతికి ఆరేసి వెళ్ళింది సరిగ్గా ఆ వారమే. నీ ఎదుట గుడ్లప్పగించి నిలబడ్డానే గానీ ఒక్క మాటా అనలేకపోయాను. అది పొగరని బావగారితో అన్నావట. పొగరు కాదక్కా. అమ్మ పోయాక నాకు జడలు వేసి, చదివించి, ఆ ఉద్యోగంలో పెట్టించింది నువ్వు. నీకేమని జవాబు చెప్పను?

చివరికి ఒక ఫొటో కుదిరింది. ఒకావిడది. మాస్టారు దాన్ని చాలాసేపు చూసి, ఈవిడ ఊపిరి తీసుకుంటోంది, ఇది చాలు అన్నారు. అలాగని పాసైపోయినట్టు కాదు. ఆ ఫొటోని కాలేజీ హాల్లో పెట్టాలి, పెట్టడానికి అందులో ఉన్న మనిషి ఒప్పుకోవాలి. ఆవిడ వద్దంటే అది లెక్కలోకి రాదు, బదులుగా ఇవ్వడానికి నా దగ్గర ఇంకోటి లేదు. ఆవిడ ఏమంటుందో తెలియదు. నెలాఖరు లోపల తేలిపోతుంది.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెలు

తా.క.: ఆ ఒకావిడ నువ్వే. నువ్వు వచ్చేసరికి నేను లైట్లు వేసి, కెమెరా స్టాండు మీద పెట్టుకుని వాచ్‌మన్ కోసం చూస్తున్నాను. వేరే కుర్చీ లేక నువ్వు ఆయన కోసం వేసిన స్టూలు మీద కూర్చున్నావు. చేతిలో అదేమిటి నలుపుతావంటూ మధ్యలో కసిరావు చూడు, అది కెమెరా వైరు, దాని చివరే బటన్ ఉంటుంది. తిట్టి తిట్టి నువ్వు గుక్క తిప్పుకోవడానికి ఆగినప్పుడు నొక్కాను. నీ ముందు నాకు నోరు పెగలదు కదా, అందుకే ఊపిరి బిగబట్టమనలేదు. ఎదురుగా ఉన్నంతసేపూ నువ్వు కోపంగా ఉన్నావనే అనుకున్నాను. ప్రింటు చూస్తే కోపం ఎక్కడా లేదు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే మంచం పక్కన కూర్చునేదానివి, ఆ మొహమే. నాకేమైపోతుందోనని భయం. ప్రింటు ఇందులోనే పెట్టాను, వెనక సంతకానికి చోటు వదిలాను. ఇష్టం లేకపోతే పెట్టకు, బతిమాలను, ఆస్పత్రికి వెళ్ళిపోతాను. కానీ ఆ వద్దనే మాట ఉత్తరంలో రాయకు. ఇక్కడికి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, తిట్టి చెప్పు.