లోచీ వయసు

ఇక్ ఓంకార్

చిరంజీవి తమ్ముడు తర్లోచన్‌కు పెద్దక్క గురమేజ్ దీవెనలు. ఇక్కడ మనల్ని కన్న బాపు, నీ అన్న గుర్‌దేవ్, అతని భార్య ఛిందో, రెండు గేదెలు, అందరం గురువు దయవల్ల బాగానే ఉన్నాం. పటియాలాలో నువ్వూ, నీ దగ్గర ఇనుప గుండు విసరడం నేర్చుకుంటున్న పిల్లలూ చల్లగా ఉండాలని రోజూ ప్రార్థనలో అడుగుతున్నాను.

ఈ వారమంతా నాకు ఒక పొద్దుటిపూట గుర్తొస్తోంది. ప్రత్యేకమైనదేమీ కాదు. నీకు మీసం మొలుస్తున్న ఏడు. మంచు విపరీతంగా ఉంది. నేను గురుద్వారా నుంచి వస్తున్నాను. నరికేసిన చెరుకు మడిలో తాడుతో గీసుకున్న గుండ్రంలో నువ్వు నిలబడి, లేత్ మిషన్ మీద చేయించిన ఇనుప గుండును మెడకింద ఆనించుకుని, ఆ చలికి పళ్లు బిగబట్టావు. విసిరావు. అది పడ్డచోట నేనొక చెరుకు ముక్క గుచ్చాను. నువ్వు వెళ్లి గుండు తెచ్చుకున్నావు. మళ్లీ విసిరావు. బాపు టీ గ్లాసుతో గట్టుమీద కూర్చున్నాడు.

"ఏరా లోచీ, ఎద్దులా తిని ఇనుము అవతల పారేస్తావు, మళ్లీ నువ్వే వెళ్లి తెచ్చుకుంటావు. ఇదేం పనిరా? ఆ బలంతో రెండు బళ్ల చెరుకు నరకొచ్చు."

"చెరుకు నరికితే పేపర్లో ఫోటో వెయ్యరు బాపూ!"

"దొంగతనం చేసినా వేస్తారు. ముందు గేదెను విప్పు."

అంతే ఆ పొద్దు. నేను చెరుకు ముక్కలు లెక్కపెట్టుకుని ఇంటికొచ్చాను.

నువ్వడిగినవాటికి జవాబులు. బాపు మోకాలు పరవాలేదు. ఆవనూనె రాస్తే తగ్గిందంటే ఒప్పుకోడు, ఎండ వచ్చింది కాబట్టి తగ్గిందంటాడు. నీ పాత గుండు ఇంట్లోనే ఉంది. ఛిందో దాన్ని పనీరు మూటమీద బరువుగా పెడుతోంది. "ఆసియా పోటీల వెండి పతకం తెచ్చిపెట్టిన బరువు, ఎవరింటి పనీరుకుంది అక్కా ఈ యోగం?" అంటుంది.

మూడో ప్రశ్నకే నాలుగు రోజులు కలం కదల్లేదు. నీ జీవితం మీద పుస్తకం వేస్తున్నారనీ, ట్రంకు పెట్టెలోని నీ పుట్టిన చీటీ పంపమనీ రాశావు. అదే ఉత్తరం వెనకవైపు సంగ్రూర్ పిల్లవాడి సంగతి రాశావు. పద్దెనిమిది నిండనివాళ్ల పోటీలో నీ రికార్డుకు నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయాడనీ, అది దాటి ఉంటే హాస్టల్‌లో సీటు దక్కేదనీ, కూలబడి ఏడ్చాడనీ. "ఇరవై నాలుగేళ్లయినా నా గుండు ఇంకా గాల్లోనే ఉంది అక్కా" అని నవ్వుతూ రాశావు. మర్నాడు పొద్దుటి ప్రార్థన జప్‌జీ చదువుతూ మధ్యలో ఎక్కడున్నానో మరిచిపోయాను. నలభై ఏళ్లలో ఎన్నడూ అలా జరగలేదు.

లోచీ, ట్రంకులో చీటీ ఒకటి కాదు, రెండున్నాయి. ఊళ్లో పుట్టుకలూ చావులూ రాసుకునే చౌకీదారు తన పుస్తకంలోంచి రాసిచ్చినవి. వాటిల్లో పిల్లల పేర్లుండవు. ‘ముఖ్తియార్ సింగ్‌కు మగపిల్లవాడు’ అని బాపు పేరు, కింద తేదీ. ఒకటి నీది. ఇంకొకటి నీ తర్వాత రెండేళ్ల నాలుగు నెలలకు పుట్టి, ఏడాదిన్నరకే జ్వరంతో పోయిన జీతాది. నీకు వాడి ముఖం గుర్తుండదు.

వాడు పోయాక అమ్మ చాలాకాలం మంచం దిగలేదు. నువ్వు గేదెల వెంట తిరిగావు. నిన్ను బడికి పంపాలని ఎవరికీ తోచలేదు. నాకు తోచేసరికి నీకు ఎనిమిదేళ్లు కావస్తున్నాయి. ఏడు దాటినవాళ్లను ఒకటో తరగతిలో చేర్చుకోనని మాస్టరు అందరికీ చెప్పాడు. నేను జీతా చీటీ తీసుకెళ్లాను. ఆయన చీటీ చూశాడు, నిన్ను చూశాడు.

"ఐదున్నరేళ్లా? ఏం పెడుతున్నారమ్మా వీడికి?"

"గేదె పాలు మాస్టర్‌జీ."

పొరపాటున తీశానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కాదు. నాకు చదువొచ్చు. తేదీ చూసే తీశాను. నువ్వు చదువుకోవాలనే తీశాను. జీతా పేర కూడా ఒక పలక ఉండాలనిపించిందేమో, అదీ ఉందేమో. తేల్చుకోలేకపోతున్నాను. బడిలో రాసిన ఆ తేదీయే నీకు నిలిచిపోయింది. ఆ రికార్డు రోజున నీకు పదిహేడు కాదు, పందొమ్మిది దాటాయి. తర్వాత పెద్దవాళ్లలో ఐదుసార్లు దేశంలో మొదటివాడివయ్యావు, అవి ఎవరూ ముట్టుకోలేరు. కానీ నీకు హాస్టలూ, పోలీసు ఉద్యోగమూ ఆ మొదటి గెలుపు వల్లే వచ్చాయి. నేను చేసింది సేవా, పాపమా? ముందు గురువును అడిగాను, తర్వాత ఇంట్లో అడిగాను.

నిన్న సాయంత్రం వాకిట్లో మంచాల మీద కూర్చున్నాం. గుర్‌దేవ్, "జీతా చీటీ పంపేసి, లోచీ అసలు చీటీ పొయ్యిలో పెట్టక్కా. ఊళ్లో సగంమంది పుట్టినరోజులు ఆ మాస్టరు కలంలోంచి పుట్టినవే" అన్నాడు.

ఛిందో, "అయితే మరిది నాకన్నా పెద్దా! ఇన్నేళ్లూ ‘పిల్లాడా, లస్సీ తాగు’ అని కసిరాను" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

బాపు టీ గ్లాసు కింద పెట్టి, "నాకు తెలుసు. పేపర్లో పదిహేడేళ్ల వీరుడని చదివి వినిపించారు. వేళ్లు మడిచి లెక్కపెట్టాను. రెండు వేళ్లు మిగిలాయి. మళ్లీ విప్పేశాను. ఊరంతా లడ్డూలు తింటోంది, ఏం చెప్పను?" అన్నాడు.

"వాడి పరువేం కావాలి బాపూ?" అన్నాడు గుర్‌దేవ్.

"వాడి పరువు వాడి భుజంలో ఉంది. ఆ సంగ్రూర్ పిల్లవాడికి ఏముంది?"

తర్వాత ఎవరూ వాదించలేదు. నిర్ణయం ఇది. శుక్రవారం మొదటి బస్సుకు బాపు, నేను వస్తున్నాం. రెండు చీటీలూ నీ చేతికివ్వం. ఇస్తే ఏం చేయాలన్న బరువు నీమీద పడుతుంది. నేరుగా క్రీడా సంఘం ఆఫీసులో ఇచ్చి, జరిగింది నేనే చెబుతాను. నిన్ను అడగకుండా చేసినదాన్ని నిన్ను అడగకుండానే విప్పుతున్నాం. ఇది సబబో కాదో కూడా నాకు తెలియదు. పని అయ్యాక నువ్వు నేర్పే మైదానం గేటు బయట కూర్చుంటాం. నువ్వొచ్చి రొట్టె తిందాం రమ్మంటే వస్తాం. రాకపోతే తిరుగు బస్సు నాలుగింటికి ఉంది.

ఇట్లు,
నీ పెద్దక్క
గురమేజ్ కౌర్