ఎడమకి లాగే విమానం

రేఖా,

అన్నం తిని ట్యాబు తియ్యి. ఆటలో మనం కడుతున్న పాత యుద్ధ విమానం చక్రాలు ఇంక ముట్టుకోకు. పరుగెత్తగానే ఎడమకి లాగి గడ్డిలో పడుతోందని ఒక చక్రం పెద్దది చేసేశావు. మనం చూసి కడుతున్న ఫొటోలో అలాగుందా? తప్పు చక్రాలది కాదు, ముందు తిరిగే పంకాది అంటే విన్నావా? "లారీలు బాగుచేసినోడివి, ఇమానాల సంగతి నీకేటి తెలుసు తాతా" అన్నావు, నీ స్నేహితుల ముందర. సాలూరులో నలభై ఏళ్లు పక్కకి లాగే బళ్లే సరిచేశాను. చక్రం మళ్లీ చిన్నది చేశాను. తోకమీది నిలువు రెక్క కొంచెం కుడిపక్కకి తిప్పాను. తిన్నగా పోవాలి. బొబ్బిలి వెళ్లి సాయంత్రం వస్తాను.

తాత

ఇంకా ఎగరేసి చూడలేదు. నేను వచ్చేదాకా ఆగు. పడినా నీ పక్కనుండి చూస్తాను.